పోసిన నీళ్లు, తాగిన నీళ్లు

నేను ఒక లీటరు కొలతను. స్టీలు రేకుతో చేసిన, పక్కన పిడి ఉన్న, అంగట్లో నూనె పోసే కొలతను. వ్యాపారంలోకి దిగేనాటికి నా చేతిలో ఉన్న పెట్టుబడి ఒక లీటరు ఖాళీ. అంతకు మించి ఏమీ లేదు. ఆ ఖాళీ ఎక్కువా కాదు, తక్కువా కాదు అని తూనికలు కొలతల శాఖవాళ్లు నా అంచు మీద ముద్ర కొట్టి పంపారు. ఖాళీని పెట్టుబడిగా పెట్టుకుని బతికేవాడికి ఒక గుణం అలవడుతుంది. ఏది వచ్చినా, ఎంత వచ్చింది, ఎంత పోయింది, అడుగున ఎంత అంటుకుని మిగిలింది అని చూడకుండా ఉండలేడు. మనుషులు అలా చూడరు. సగం లెక్క చూసి తృప్తిపడి ఇంటికి పోతారు. నా కోపమంతా అక్కడే ఉంది. దాచుకోకుండానే చెబుతాను.

నన్ను చేసిన చోట పెద్ద వేడుకేమీ జరగలేదు. ఒక షెడ్డులో రేకును గుండ్రంగా చుట్టి, అడుగు అతికి, పిడి తగిలించారు. చేసినవాడు నన్ను నీళ్లతో నింపి, వేరే కొలతలోకి ఒంపి, సరిపోయిందని పక్కన పడేశాడు. అర లీటరును, పావు లీటరును, అన్నిటికన్నా చిన్నదాన్ని నాతో కలిపి ఒకే తాడుకు కట్టారు. బేతంచెర్లలో శెనగనూనె అమ్మే మద్దిలేటి ఆ తాడు పట్టుకుని మమ్మల్ని ఇంటికి తీసుకుపోయాడు.

గానుగ ఆడించడం మద్దిలేటి ఇంటి వృత్తి. తాతల నాడు ఎద్దు తిప్పేది, ఇప్పుడు కరెంటు తిప్పుతుంది. ముందు గది అంగడి, వెనక ఇల్లు. బండల ఫ్యాక్టరీలలో పాలిష్ పనిచేసే కూలీలు ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో వచ్చి, డబ్బా ముందుకు చాపేవారు. మద్దిలేటి నన్ను అంచుదాకా నింపి, నురగ చల్లారేదాకా ఆగేవాడు. డబ్బాలోకి ఒంపాక కూడా వెంటనే ఎత్తేవాడు కాదు. నూనె తీగ సన్నబడి, చుక్కయి, ఆ చుక్క కూడా రాలేదాకా నన్ను బోర్లించి పట్టుకునేవాడు. అర లీటరు కొలత కనబడని రోజు నన్నే పక్కకు వంచేవాడు. నూనె ఒకవైపు నా పెదవిని, ఎదురుగా నా అడుగు మూలను ఒకేసారి తాకితే లోపల ఉన్నది అర లీటరు. నాకు గీతలు లేవు, మద్దిలేటి మణికట్టే గీత.

అంత న్యాయమైన మనిషికీ ఒక అలవాటు ఉండేది. పోసింది పోసినట్టే అనుకునేవాడు. నా లోంచి గిరాకీ డబ్బాలోకి పడిందంటే ఆ సరుకు చేరవలసిన చోటికి చేరినట్టే. ఆ నూనె ఏ పోపులో వేగింది, ఏ తలకు పట్టింది, దారిలో ఎక్కడ ఒలికింది అని అమ్మినవాడు వెంటబడి చూడడు కదా. అంగట్లో అది తప్పు కాదు.

మద్దిలేటి భార్య సుంకులమ్మ. దసరా నాడు త్రాసు పక్కన పీట వేసి, నాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, ముందర కర్పూరం వెలిగించేది. నన్ను ఎవరైనా కాలితో తగిలితే కళ్లకద్దుకోమనేది. మాటల్లో గడుసుతనం ఉన్న మనిషి. కానీ తన ఒంటి సంగతి వచ్చేసరికి ఆ గడుసుతనం ఎక్కడికో పోయేది. ఎరుపు కనబడకూడని వయసులో కనబడుతుంటే చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. చెప్పేనాటికి గర్భసంచి ముఖద్వారం దగ్గర గడ్డ పెరిగి కూర్చుంది.

కర్నూలులోని ఒక ఆసుపత్రిలో మందు ఎక్కించడం మొదలుపెట్టారు. మూడు వారాలకొకసారి పోవాలి. ఆ మందు పేరు సిస్‌ప్లాటిన్. అందులో ప్లాటినం ఉందట. నాలాగే లోహం, కాకపోతే నగల అంగడి లోహం. నేను స్టీలును, నాకు అసూయ ఉందని అనుకోవచ్చు. అసూయ కాదు. అది పని తెలిసినది, గడ్డను కరిగిస్తుంది. కానీ పని అయ్యాక ఊరికే వెళ్లిపోదు. మూత్రపిండాల గుండా బయటికి పోవాలి. అక్కడి సన్నటి గొట్టాల్లో నీళ్లు ధారగా పారుతూ ఉంటే కొట్టుకుపోతుంది. నీళ్లు లేకపోతే అక్కడే తిష్ఠ వేసి ఆ గొట్టాలను మాడుస్తుంది. ఈ సంగతి మందు పెట్టేవాళ్లందరికీ తెలుసు. తెలియక జరిగిన నష్టమైతే నేను ఇంత మాట్లాడేవాణ్ణి కాదు.

మొదటి రోజు నర్సు ఎస్తేరు చెప్పింది. "రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగాలమ్మా. మందు ఎక్కించే రోజు, ఆ తర్వాత రోజులు అసలు తగ్గకూడదు."

మద్దిలేటి ముఖంలో వెలుగు వచ్చింది. గడ్డ గురించి, స్కానుల గురించి అతనికి ఏమీ తెలియదు. కొలవడం తెలుసు. ఇంటికి రాగానే మేకు నుంచి నన్ను తీశాడు.

"కొలతెందుకు మామా?" అంది సుంకులమ్మ.

"మూడు లీటర్లన్నారు కదమే. గ్లాసులతో లెక్క కుదర్దు."

"నూనె కంపు కొడతాది."

"బూడిదేసి తోమినా. చూడు, మొగం కనపడతాది."

"ఇప్పుడు నా మొగం చూసుకునేంత సంబరమేముందిలే."

అలా నేను సంచిలో పడి కర్నూలు ప్రయాణం కట్టాను. తెల్లవారుజామున బస్సు. మద్దిలేటి బస్సులోనే క్యాను మూత తీసి, నన్ను నింపి ఆమె చేతికిచ్చేవాడు. "తాగు" అని, ఆమెకు కిటికీ వదిలి, మొహం అటు తిప్పుకుని కూర్చునేవాడు. సుంకులమ్మ రెండు గుక్కలు తాగినట్టు పెదవి తడిపి, వెనక వరసలో ఎవరూ లేనప్పుడు మిగతాది కిటికీలోంచి రోడ్డుకు అర్పించేది. ఖాళీ అయిన నన్ను తిరిగి ఇచ్చేది. "ఒకటి అయింది" అనేవాడు మద్దిలేటి సంతోషంగా.

ఆమెకు పిచ్చి పట్టలేదు. నీళ్లు తాగితే బస్సులో ఏం చేయాలి? డ్రైవరు మగవాడు, కండక్టరు మగవాడు. మగవాళ్లకు పొత్తికడుపు నిండితే బస్సు ఆగుతుంది, ఎవరో ఒకరు దిగి గట్టు వైపు తిరిగి నిలబడతారు. ఆడవాళ్లకు ఆ గట్టు లేదు. ప్రయాణం ఉందంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేయడం ఆమెకు తల్లి నేర్పింది, ఆ తల్లికి ఆమె తల్లి నేర్పింది. పెళ్లిళ్లకు, తీర్థాలకు, చావులకు అలాగే పోయి వచ్చారు. ఆ ప్రయాణాలన్నిటికీ అది చెల్లింది. ఒంట్లో ప్లాటినం పెట్టుకుని చేసే ప్రయాణానికి చెల్లదని ఎవరూ చెప్పలేదు.

ఆసుపత్రిలో ఇంకా బాగుంటుంది చూడండి. మందు ఎక్కించే హాలు పై అంతస్తులో ఉంది. కుర్చీలు వరసగా ఉంటాయి, కుర్చీ పక్కన సెలైన్ స్టాండు, గోడకు నవ్వుతున్న పువ్వుల బొమ్మ. హాలు చివర ఆడవాళ్ల మరుగుదొడ్డి ఉంది, దాని తలుపుకు తాళం ఉంది. తాళానికి పైన "రిపేరు" అని రాసిన కాగితం. ఆ కాగితం పాతబడి పసుపు రంగుకు తిరిగింది. అవసరమైతే కింది అంతస్తుకు పోవాలి. చేతిలో సూది, పక్కన స్టాండు, లిఫ్టు ముందు మనుషుల వరస. హాల్లో ఒకేసారి డజను మంది ఆడవాళ్లు కూర్చుని, నీళ్లే మందు అని చెప్పించుకుంటూ, ఆ తాళం వంక చూస్తూ ఉండేవారు. ఒక్కరూ నోరు తెరిచేవారు కాదు. ఏ నోటితో అడగాలి, ఏమని అడగాలి?

మద్దిలేటి నన్ను నింపి సుంకులమ్మ చేతిలో పెట్టి, మందుల కౌంటరు వరసలో నిలబడడానికి పోయేవాడు. ఆమె కుర్చీ పక్కనే కిటికీ, కిటికీ కింద క్రోటన్ మొక్కల కుండీలు. మీకు అర్థమైంది కదా. ఆ ఏడాది ఆ ఆసుపత్రిలో బలంగా, పచ్చగా, ఏ జబ్బూ లేకుండా ఉన్న ప్రాణులు ఆ క్రోటన్లే. నా లోంచి లీటర్లకు లీటర్లు తాగాయి.

ఎస్తేరు వచ్చి అడిగేది. "నీళ్లు బాగా తాగుతున్నావా అమ్మా?"

సుంకులమ్మ జవాబు చెప్పేలోపే మద్దిలేటి చెప్పేవాడు. "మూడు లీటర్లు సిస్టర్. నేను కొలిచి పోస్తాండా."

"ఇంత బాగా చూసుకునే భర్త అందరికీ ఉండడు" అనేది ఎస్తేరు. అబద్ధం కాదు, అతను నిజంగానే కొలిచి పోశాడు. బయట కుర్చీల కోసం ఇంకో వరస కూర్చుని ఉండేది. ఇంట్లో నీళ్లు బాగా తాగుతున్న మనిషికి మందుకు ముందు ఎక్కించే సెలైన్ కాస్త తగ్గించినా ఫరవాలేదని అక్కడివాళ్లకు తోచింది. తగ్గించారు. నా పేరు చెప్పి తగ్గించారు. ముద్ర కొట్టిన కొలతను సాక్షిగా నిలబెట్టి ఒక మనిషికి నీళ్లు తగ్గించారంటే నాకు ఎలా ఉంటుందో ఊహించండి. నాకు నోరు లేదు. ఉన్న మూతి ఒంపడానికే తప్ప మాట్లాడడానికి పనికిరాదు.

దానికి తోడు నొప్పి బిళ్లలు. నడుము లాగేస్తోందని సుంకులమ్మ అంటే మద్దిలేటి వీధి చివర మందుల షాపులో అడిగి తెచ్చాడు. షాపువాడు అట్టలు అట్టలుగా ఇచ్చాడు. ఎందుకని అడగలేదు, ఇంకేం మందు వాడుతున్నారని అడగలేదు. ఆ బిళ్ల కూడా మూత్రపిండాల మీదే కూర్చుంటుందని చెప్పలేదు.

ఈలోగా బంధువులు వచ్చి పోయేవారు. మద్దిలేటి అక్క ఈరమ్మ వచ్చి సుంకులమ్మ తల నిమిరి, చేతికి వచ్చిన వెంట్రుకలు చూసి ఏడ్చింది. జుట్టు గురించి అందరూ అడిగారు. తిండి సయిస్తోందా అని అడిగారు. వాంతుల గురించి అడిగారు. మూత్రం ఎంత వస్తోందని అడిగినవాళ్లు ఒక్కరు లేరు. బంధువులను అననులే. రక్తపరీక్ష కాగితం మీద, మూత్రపిండాలు దెబ్బతింటే పెరిగే క్రియాటినిన్ మెల్లగా మెట్లు ఎక్కుతుంటే, హాల్లోని చిన్న డాక్టరు దాన్ని చూసి, "కొంచెం పెరిగింది, నీళ్లు ఎక్కువ తాగండి" అని సంతకం పెట్టాడు. తాగమనడానికి ఎంతసేపు పడుతుంది? తాళం అతని వీపు వెనకే ఉంది.

మూడోసారి మందు ఎక్కించుకుని వచ్చాక సుంకులమ్మ లేవలేదు. కాళ్లు ఉబ్బాయి. ముఖం మద్దిలేటి తోమిన స్టీలులా నున్నగా, ఊదినట్టుగా అయింది. ఏది తిన్నా వాంతి. మాట్లాడుతూ మాట్లాడుతూ కునుకులోకి జారిపోయేది. మద్దిలేటి అంగడి మూసి కారు మాట్లాడుకుని కర్నూలుకు పరుగెత్తాడు. అప్పుడు కూడా నన్ను సంచిలో వేసుకున్నాడు. నీళ్లు ఎక్కడ తక్కువవుతాయో అని అతని భయం.

వార్డులో మూత్రపిండాల డాక్టరు షాహీన్ వచ్చింది. జుట్టు సగం నెరిసిన, కళ్లజోడు తలమీదికి ఎత్తిపెట్టుకునే మనిషి. కాగితాలన్నీ చూసి మంచం అంచున కూర్చుంది.

"రోజుకు ఎన్ని నీళ్లు తాగేది?"

"మూడు లీటర్లు మేడం. నా చేతులతో కొలిచి పోసినా."

"బయటికి ఎంత వచ్చేది?"

మద్దిలేటికి అర్థం కాలేదు. "ఏంది మేడం?"

"మూత్రం అయ్యా. మూడు లీటర్లు లోపలికి పోతే ఎంతో కొంత బయటికి రావాలి కదా. ఏం పని చేస్తారు మీరు?"

"శెనగనూనె యాపారం."

"మూడు డబ్బాల సరుకు వచ్చిందని మీ మనిషి చెప్పాడు. చూస్తే అమ్మకం లేదు, అంగట్లో నిలవ లేదు. ఏమనుకుంటారు?"

మద్దిలేటి తల వంచుకున్నాడు. ఆ ప్రశ్న అతని భాషలోనే వచ్చింది, తప్పించుకోవడానికి వీల్లేదు. "కారిపోయినా ఉండల్ల" అన్నాడు. "లేకుంటే సరుకు రానే రాకుండా ఉండల్ల."

"రాలేదు." ఆ మాట మంచం మీంచి వచ్చింది. సుంకులమ్మ కళ్లు తెరిచింది. "రాలేదు మేడం. ఆయప్ప పోసినాడు. నేను పారబోసినా."

"పారబోసినావా?" అన్నాడు మద్దిలేటి. "కొలిచి కొలిచి నేను పోస్తాంటే..."

"నువ్వు కొలిచి పోస్తివి. తాగితే యాడికి పోవల్లనో అది గూడా కొలిచి చూపిచ్చింటే తాగుతుంటి." ఆమెకు ఊపిరి అందడం లేదు, అయినా ఆపలేదు. "బస్సులో యాడికి పోవల్ల? ఈడ తలుపుకు తాళం. బాటిల్ పట్టుకోని మెట్లు దిగి, మొగోళ్ల నడుమ వరసలో నిలబడి, మళ్లా ఎక్కి రావల్లనా?"

"ఆ హాల్లో లేడీస్ టాయిలెట్ ఉంది కదమ్మా" అంది డాక్టరు.

"ఉండాది మేడం. తాళం గూడా ఉండాది."

"నాకెవరూ చెప్పలేదే."

"మీరు అడగలేదు."

డాక్టరు కళ్లజోడు దించి తుడుచుకుంది. ఆమె మీద నాకు కోపం రాలేదు, వచ్చి ఉంటే బాగుండేది, ఒకరి మీద పెట్టి ముగించుకునేవాణ్ణి. కానీ ఇందులో దొంగ ఎవరూ లేరు. నర్సు చెప్పవలసింది చెప్పింది. భర్త పోయవలసింది పోశాడు. చిన్న డాక్టరు సంతకం పెట్టాడు. మందుల షాపువాడు అడిగింది ఇచ్చాడు. ప్రతివాడూ తన చేతిలోది పక్కవాడి చేతిలో పెట్టి చేతులు దులుపుకున్నాడు. ఇంతమంది న్యాయస్తులు కలిసి ఒక ఆడమనిషి మూత్రపిండాలను మాడ్చారు. నా అంగట్లో ఇలాంటి లెక్క నడిచి ఉంటే మద్దిలేటి వారం తిరక్కుండా తలుపులు మూసుకునేవాడు. ఆసుపత్రులు మూతపడవు.

డాక్టరు షాహీన్ దాపరికం లేకుండా చెప్పింది. రెండు రోజులు చూస్తామంది. మూత్రం పెరగకపోతే రక్తం శుద్ధి చేసే యంత్రానికి కట్టాలి. మూత్రపిండాలు కోలుకోకపోతే గడ్డకు ఇచ్చే మందు ఆపేయాలి. మందు ఆగితే గడ్డ ఆగదు. "అందుకే ప్రతిసారీ ఎంత వచ్చిందో కొలవండి. చుక్క కూడా వదలొద్దు. కొలిచే పాత్ర ఏదైనా ఉందా?"

మద్దిలేటి సంచిలో చేయి పెట్టాడు. వెంట వచ్చి మంచం అవతల నిలబడిన ఈరమ్మ అది చూసి అడ్డం వచ్చింది. "ఒరే, దాంట్లోనా? దసరాకు పసుపు కుంకుమ పెట్టే కొలత. మతి పోయిందా నీకు?"

"వద్దు మామా" అంది సుంకులమ్మ కూడా. "రేపు ఎవరు కొంటారు నీ నూనె?"

"కొత్తది తెచ్చుకుంటా" అన్నాడు మద్దిలేటి. "అక్కా, నువ్వు బయట కూచో. పసుపు కుంకుమ పెట్టిన మనిషి ఈడ మంచంలో ఉండాది."

మీరు అనుకోవచ్చు, నాకు అవమానం జరిగిందని. నూనె బంగారంలా మెరిసే నా లోపల ఏం పోశారో తలుచుకుని నేను కుమిలిపోయానని. నాకు అలాంటిదేమీ లేదు. కొలవవలసింది ఎదురుగా ఉండగా వేరేది కొలవడమే కొలతకు అవమానం. ఇన్నాళ్లూ క్రోటన్ మొక్కల దాహం కొలిచాను. ఇప్పుడు మొదటిసారి సరైన సరుకు చేతికొచ్చింది.

వచ్చింది కానీ, ఎంత? మొదటి రోజు నా అడుగు కూడా కప్పలేదు. టీ కషాయం రంగు. మద్దిలేటి నన్ను దీపం కిందికి పట్టుకుని అటు ఇటు వంచి చూశాడు. జీవితమంతా నన్ను అంచుదాకా చూసిన మనిషి, అడుగున ఆ తడి చూసి గోడకు ఆనుకున్నాడు. సెలైన్ ఎక్కుతోంది, డాక్టరు వచ్చి పోతోంది, నొప్పి బిళ్లలు చెత్తబుట్టలోకి పోయాయి. సుంకులమ్మ పడుకునే ఉంది. మద్దిలేటి ఆమె పక్కన కూర్చుని, "వచ్చినట్టు అనిపిస్తే చెప్పుమే" అని అడుగుతూనే ఉన్నాడు.

"పెండ్లయిన కాన్నుంచి ఇంత ఎదురు చూసింది లేదు నువ్వు నాకోసం" అంది ఆమె, కళ్లు మూసుకునే.

మర్నాడు మధ్యాహ్నం ఆమె "మామా" అని పిలిచింది. తెర లాగారు. తెర వెనక నాకు బరువు తెలిసింది. మద్దిలేటి నన్ను రెండు చేతులతో అందుకుని కిటికీ దగ్గరికి పోయాడు. నన్ను పక్కకు వంచాడు, మెల్లగా, నూనె కొలిచినంత జాగ్రత్తగా. అది నా పెదవిని తాకింది. నా అడుగు మూలను తాకింది. అక్కడే ఆగింది.

"అరలీటరు" అన్నాడు మద్దిలేటి. ఇంకోసారి వంచి చూశాడు. "సుంకూ, అరలీటరు." అని వరండాలోకి పోయి ఫోను తీసి ఊరందరికీ చెప్పాడు. బావమరిదికి చెప్పాడు, గానుగ దగ్గర పనిచేసేవాడికి చెప్పాడు, చీటీల రంగయ్యకు చెప్పాడు. "మా ఆడామె అరలీటరు పోసింది అన్నా." అవతలివాళ్లు ఏమనుకున్నారో తెలియదు. వరండాలో పోయేవాళ్లు మాత్రం పక్కకు తప్పుకున్నారు.

యంత్రానికి కట్టే అవసరం రాలేదు. రోజురోజుకూ నేను నిండుతూ వచ్చాను. క్రియాటినిన్ దిగింది, కానీ మొదట్లో ఉన్న చోటికి దిగలేదు. కొంత దూరం వచ్చి మొండిగా కూర్చుంది. "ఇంతే" అంది డాక్టరు షాహీన్. "పోయిన భాగం తిరిగి రాదు. మిగిలినదాన్ని కాపాడుకుందాం. ఆ మందు వద్దు. దాని తమ్ముడు లాంటిది ఒకటి ఉంది, కిడ్నీల మీద కాస్త దయ ఉన్నది. అది ఇస్తాం. కానీ ఈసారి పోసిందీ రాయాలి, వచ్చిందీ రాయాలి."

కొత్త మందు రోజు వచ్చింది. అదే హాలు, అవే పువ్వుల బొమ్మలు, అదే తాళం. కాగితం మాత్రం ఇంకొంచెం పాతబడింది. తాళం సంగతి డాక్టరు షాహీన్ పై వాళ్లకు రాసిందట. పై వాళ్లు చూస్తామన్నారట. సుంకులమ్మ ఆ రోజు సీసాతో ఇంటి దగ్గరా తాగింది, బస్సులో తాగింది, కుర్చీలో కూర్చుని మద్దిలేటి కళ్లెదురుగా తాగింది. సెలైన్ సగం దిగేసరికి లేచి కాపలావాణ్ణి తాళంచెవి అడిగింది. మేనేజరు గారి దగ్గర ఉందన్నాడు. మేనేజరు గారిని అడగమంది. ఆయన పనిలో ఉన్నారన్నాడు.

సుంకులమ్మ తన కుర్చీకి తిరిగి వచ్చింది. ఎస్తేరు చేత కుర్చీ చుట్టూ తెర లాగించుకుంది. కాసేపటికి తెర తీసుకుని బయటికి వచ్చింది. ఒక చేత్తో సెలైన్ స్టాండు తోసుకుంటూ, ఇంకో చేత్తో నా పిడి పట్టుకుని. నేను దాదాపు నిండుగా ఉన్నాను. ఆమె అడుగు అడుగుకీ నేను తొణుకుతున్నాను. మద్దిలేటి వెనక పరుగెత్తుకొస్తూ "యాడికిమే, ఇటియ్యి" అంటున్నాడు. ఇవ్వలేదు. అద్దాల గది తలుపు భుజంతో నెట్టి, మేనేజరు టేబులు మీద, కాగితాల నడుమ నన్ను దించింది.

"ఏందమ్మా ఇది?" అన్నాడు మేనేజరు. వంగి చూశాడు, కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"డాక్టరమ్మ కొలవమనింది సార్. కొలిచినా. ఇప్పుడు ఇది పారబోసే చోటు మీరు చూపియ్యాల."

"ఇవన్నీ ఇక్కడికి తేకూడదమ్మా. కింద ఫ్లోర్లో..."

"కింద ఫ్లోరుకు మీరు పోయి రండి. ఈ స్టాండు పట్టుకోని, చేతిలో ఇది పట్టుకోని, లిఫ్టు కాడ నిలబడి. ఒలక్కుండా తెస్తే నేను ఇంగ మాట్లాడను."

"ఆ టాయిలెట్ రిపేర్లో ఉంది."

సుంకులమ్మ కాపలావాడి వైపు తిరిగింది. "ఏం రిపేరు నాయనా?"

వాడు మేనేజరు వంక, నా వంక చూశాడు. ఏది ఎక్కువ ప్రమాదమో తేల్చుకున్నాడు. "రిపేరేం లేదమ్మా. పేషెంట్లు గలీజు చేస్తాండారని తాళమేసినారు."

మద్దిలేటి అప్పటిదాకా తలుపు దగ్గర చెమట తుడుచుకుంటున్నాడు. ఆ మాట వినగానే లోపలికి వచ్చాడు. సిగ్గు వదిలేసిన మనిషి ముఖం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. నా పిడి మీద చేయి వేశాడు. "సార్, మీ టేబులు మట్టంగా లేదు, ఈ పక్కకు వాలుగా ఉండాది" అన్నాడు, గిరాకీతో మాట్లాడినంత మర్యాదగా. "నిండు కొలత. ఎంతసేపు నిలబడతాదో నేను చెప్పలేను. కింద ఫైళ్లు ఉండాయి."

మేనేజరు తాళంచెవి సొరుగులోంచే తీశాడు. తలుపు తెరిస్తే లోపల తెల్లటి పలకలు, పనిచేసే కుళాయి, వాడక బూజు పట్టిన గోడ. పైపు భేషుగ్గా ఉంది. సుంకులమ్మ నన్ను అక్కడ ఒంపి, కుళాయి కింద కడిగి బయటికి వచ్చేసరికి తలుపు ముందు ఐదుగురు ఆడవాళ్లు స్టాండ్లు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. ముందున్న ఆమె దారి ఇస్తూ, "అక్కా, ఆ చెంబు యాడ కొన్నావు?" అని అడిగింది.

ఇక నా ముగింపు లెక్క. నష్టం ముందు చెబుతాను. సుంకులమ్మ మూత్రపిండాల పనిలో మూడో వంతు పోయింది. ఆ తరుగు ఎన్నటికీ పూడదు. ఉప్పు తగ్గించుకోవాలి, నొప్పి వస్తే ఓర్చుకోవాలి, బతికినంతకాలం రక్తపరీక్షలు చేయించుకోవాలి. నీళ్లు సరిగా దిగి ఉంటే, తాళం లేకపోయి ఉంటే, ఒక్కరు ఒక్కసారి సరైన ప్రశ్న అడిగి ఉంటే, ఈ నష్టంలో ఎక్కువ భాగం రాకపోయేది. ఆ మాట నేను ఎంత మర్యాదగా చెప్పబోయినా నా రేకు వేడెక్కుతుంది. ఇంకా ఎన్ని ఆసుపత్రుల్లో ఎన్ని తలుపులకు ఏ కాగితాలు అంటించి ఉన్నాయో నాకు తెలియదు. నా నూనె వ్యాపారం కూడా పోయింది. నా మేకుకు ఇప్పుడు వేరే కొలత వేలాడుతోంది. నేను ఇంటి వెనక, స్నానాల గది గూట్లో ఉంటాను.

లాభం. కొత్త మందుకు గడ్డ కుంచించుకుపోయింది, ఆ తర్వాతి వైద్యమూ అయింది. తల మీద జుట్టు పొట్టిగా, గుబురుగా లేచింది. సుంకులమ్మ మళ్లీ అంగట్లో కూర్చుంటోంది. నిన్న సాయంత్రం ఫ్యాక్టరీ వదిలిన వేళ, గిరాకీ మీద గిరాకీ. గోడ అవతల నుంచి నాకన్నీ వినబడుతూనే ఉన్నాయి. ఆమె ఎవరి డబ్బాలోకో సగం పోసి లేచింది.

"ఉండండప్పా. ఒంటికి పోయొస్తా."

గొంతు తగ్గించలేదు. ఎవరూ నవ్వలేదు. "పోయిరా పెద్దమ్మా, మాకేం తొందర" అన్నాడు ఒకడు. బేతంచెర్ల బజారులో, ఒళ్లంతా బండల దుమ్ముతో ఉన్న ఐదారుగురు మగవాళ్లు ఖాళీ డబ్బాలు పట్టుకుని, ఒక ఆడమనిషి ఒంటికి పోయి వచ్చేదాకా నిలబడ్డారు.